సముద్రం పాలైన నీళ్ళు

వరదల రోజుల్లో పత్రికలో జిల్లా పేజీ తెరిస్తే ఓ మూల చిన్న పెట్టె కనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం ఎంత, డెల్టా కాలువలకు వదిలింది ఎంత, సముద్రంలోకి విడిచిపెట్టింది ఎంత అని అందులో రాస్తారు. కాలువలకు వెళ్ళేది వేల క్యూసెక్కుల్లో ఉంటుంది, సముద్రంలోకి వెళ్ళేది లక్షల్లో ఉంటుంది. ఆ రెండో అంకె చూసి నిట్టూర్చనివాళ్ళు తక్కువ. ఏటా రెండు మూడు వేల టీఎంసీలు వృథాగా సముద్రం పాలవుతున్నాయని సభల్లో చెబుతారు, టీ కొట్ల దగ్గర చెప్పుకుంటారు. వేరే సీమవాళ్ళు ఆ మాట అంటే అర్థం చేసుకోగలను. గుక్కెడు నీళ్ళకు మైళ్ళు నడిచినవాళ్ళకు ఆ బాధ ఉండడం న్యాయమే. గోదావరి పాయలు గౌతమికీ వశిష్ఠకీ మధ్య పుట్టినవాళ్ళు మాత్రం ఆ మాట అనేముందు ఒకసారి కాళ్ళకింద నేల చూసుకోవాలి. ఆ నేలంతా సముద్రం పాలైన నీళ్ళు మోసుకొచ్చి పోసిందే.

కోనసీమలో రాయి దొరకదు. ఇల్లు కట్టాలన్నా రోడ్డు వెయ్యాలన్నా కంకర గోదావరి దాటి రావలసిందే. నుయ్యి తవ్వితే మట్టి, దాని కింద ఇసుక, ఇంకా కిందికి పోతే జిగట నల్లమట్టి, సముద్రం దగ్గరి ఊళ్ళలో గవ్వలు కూడా. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చిన నది, దారిలో మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చి ఇచ్చిన మట్టినంతా సముద్రం ఎదురు నిలిచిన చోట దించింది. వేల ఏళ్ళు దించింది. మన కొబ్బరి, మన వరి, మన గుళ్ళూ గోపురాలూ ఆ మట్టి మీదే ఉన్నాయి.

ఒండ్రుకి ఓ గుణముంది. తన బరువుకి తానే అణిగిపోతూ ఉంటుంది. ఏటా పైన కొత్త పొర పడుతున్నంత కాలం ఆ అణగడం ఎవరికీ తెలియదు. పొర పడడం ఆగిపోతే నేల దిగుతూనే ఉంటుంది. అప్పుడు సముద్రం పెరగకపోయినా పెరిగినట్టే. ఇప్పుడు సముద్రం నిజంగానే పెరుగుతోంది.

ఆ పొర ఎలా పడుతుందో చూడాలంటే వరద తీసిన వారం పది రోజులకు నది మధ్యన ఉన్న లంకల్లోకి వెళ్ళాలి. కొబ్బరి మానుల మీద నీరెక్కిన ఎత్తు దాకా బూడిదరంగు చార ఉంటుంది. అరటాకులు మట్టి పూసుకుని వేలాడుతుంటాయి. గట్టు దిగగానే కాలు చీలమండ దాకా దిగబడుతుంది. ఆ బురద గుప్పెట్లోకి తీసుకుని నలిపితే ఇసుక గరుకు తగలదు, మెత్తగా జారిపోతుంది. ఆరాక అరచేతిలో సన్నటి మెరుపు మిగులుతుంది. నాలుగు ఎండలు కాస్తే పైపొర పెచ్చులుగా పగిలి అంచులు పైకి లేస్తాయి. అప్పుడు లంక రైతు పార పట్టుకుని దిగుతాడు. వంగ, బెండ, బీర ఏదో ఒకటి పెడతాడు. ఒండ్రు బాగా పట్టిన ఏడు ఎరువు ఖర్చు కలిసొస్తుందని ఆయన లెక్క.

అదే వరదకు ఆయన అరటితోట మొత్తం పోయి ఉండొచ్చు, ఇంట్లో నడుంలోతు నీళ్ళు నిలిచి ఉండొచ్చు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఏటిగట్లే తెగాయి. 2022లో జూలై మధ్యలోనే దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వచ్చి లంకలు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. గంటి పెదపూడి వైపు లంకల్లో వశిష్ఠ పాయ నిండగానే తాత్కాలిక బాట కొట్టుకుపోతుంది, పిల్లలు పడవెక్కి బడికి వెళ్ళాలి. వాళ్ళ ముందు నిలబడి వరద మంచిదని చెప్పే సాహసం నేను చెయ్యను. వాళ్ళకు వంతెన కావాలి, ఎత్తయిన అరుగు కావాలి, పంట పోతే పరిహారం చేతికి అందాలి. అయినా ఆ లంకను పెట్టింది వరదే. దాన్ని ఏటా కాస్త పైకెత్తుతున్నదీ వరదే. ఏటిగట్టుకి ఇవతల ఉన్న మన ఊళ్ళకు ఆ భాగ్యం గట్టు కట్టిన రోజుతోనే దాదాపు ఆగిపోయింది.

ఇక నది తెచ్చే మట్టే తగ్గిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. 1970లలో గోదావరి ఏడాదికి 15 కోట్ల టన్నుల మట్టి తెచ్చేది. 2000, 2006 మధ్య అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. మిగతాది ఎక్కడుంది? ఎగువన కట్టిన జలాశయాల అడుగున పేరుకుంటోంది. ఎగువవాళ్ళు నీళ్ళు ఆపుకున్నారని మనం పోట్లాడతాం, ట్రిబ్యునళ్ళకు వెళ్తాం. మట్టి ఆగిపోయిందని ఏ ట్రిబ్యునల్లోనూ మనం అడిగినట్టు లేదు. కృష్ణా గోదావరి డెల్టాల తీరం 336 కిలోమీటర్ల పొడవునా లెక్క చూస్తే 1965 నుంచి 2008 లోపల 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం తిన్నదని అదే పరిశోధన చెప్పింది. వెనక పోస్తున్నవాడు పొయ్యడం తగ్గిస్తే ముందర తవ్వుకుంటున్నవాడిది పైచెయ్యి అవుతుంది.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక పక్క వశిష్ఠ, ఒక పక్క సముద్రం, మధ్యన సన్నటి ఇసుక. రెండు నీళ్ళ రంగూ వేరు, కదలికా వేరు. ఆ ఇసుక ఏ ఏడూ ఉన్నచోట ఉండదు. నదిలో జోరుంటే ఒకలా, లేకపోతే ఇంకోలా పడుతుంది.

మన నేలకు నీళ్ళు రావడం గురించి మనకు బాగా తెలుసు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చెయ్యడం, బొబ్బర్లంక దగ్గర కాలువ మొదలై లొల్ల లాకుల దగ్గర చీలి కోనసీమంతా పాకడం ఊరూరా కథగా చెబుతాం. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను 49 ఖానాల అక్విడక్టు పైన నడిపించి అవతలి నగరం దీవికి నీళ్ళిచ్చారు. నది మీద కాలువ నడవడం ఆ రోజుల్లో ఎంత వింతో ఇవాళ ఊహించుకోవాలి. ఇప్పుడు పక్కనే కొత్త అక్విడక్టు కట్టి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఊరి మధ్యలో కాటన్ దొర విగ్రహానికి దండ వెయ్యడం మనకు కృతజ్ఞత. ఆ కృతజ్ఞతలో నాకూ భాగముంది.

అయితే కాటన్ కాలువలు మెరక పట్టుకుని నడుస్తాయి. వాటి నుంచి బోదెల్లోకి, బోదెల నుంచి చేలల్లోకి దిగిన నీళ్ళు చివరికి పల్లం చేరాలి, అక్కడి నుంచి సముద్రానికి పోవాలి. ఆ పల్లాల్లో ఉన్న మురుగు కాలువలు ఎక్కడివనుకుంటున్నారు? ఎక్కువ భాగం గోదావరి పాత పాయలూ ఏళ్ళే. సప్తర్షులు ఒక్కొక్కరు ఒక్కో పాయను సముద్రానికి తీసుకువెళ్ళారని మన పెద్దలు చెప్పుకున్నారు. ఆ ఏడింటిలో కౌశిక ఒకటి. విశ్వామిత్రుడి పేరున్న ఆ పాయ ఇవాళ కాగితాల్లో కౌశిక డ్రెయిన్.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినవాళ్ళు ఎగువ కౌశిక ఒడ్డున నిలబడి గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు దాటడం చూసి ఉంటారు. వెదుళ్ళతో కట్టి రంగు రంగుల గుడ్డలతో అలంకరించిన ప్రభ మీద స్వామి ఉంటాడు. మొయ్యడానికి దిగిన కుర్రాళ్ళకు నీళ్ళు ముందు నడుం దాకా వస్తాయి, తర్వాత మెడ దాకా. కింద బురదలో కాలు కుదరదు. ప్రభ ఓ పక్కకు ఒరుగుతుంది, ఒడ్డున జనం ఊపిరి బిగబట్టి మళ్ళీ ఒక్కసారిగా శరభ శరభ అంటారు. తడిసిన వెదురు బరువెక్కి భుజాలు కమిలిపోతాయి. అవతలి గట్టు ఎక్కించాక ఆ కుర్రాళ్ళ ఒంటి నిండా నల్లటి మట్టి. దేవుణ్ణి ఏ నీళ్ళలోంచి తీసుకువస్తున్నామో ఆ ఒక్క రోజు అందరి కంటా పడుతుంది. మర్నాటి నుంచి మళ్ళీ అది మన సీసాలూ కవర్లూ వేసే చోటు, గుర్రపుడెక్క పరుచుకునే చోటు. మనం చేలల్లో వేసే యూరియాలో, ఇళ్ళ నుంచి వదిలే మురుగులో బలమంతా కలిసొచ్చి, నిలిచిన నీళ్ళలో గుర్రపుడెక్క తెగ బలుస్తుంది. పీకి గట్టు మీద వేసిన నెలకు మళ్ళీ మామూలే. డెక్క కింద వెలుతురు లేదు, గాలి లేదు, చేప లేదు. ఈ మాట రాయడానికి నాకు కష్టంగా ఉంది. ఆనకట్ట కట్టినవాణ్ణి విగ్రహం పెట్టి కొలిచినవాళ్ళం, ఋషి పేరున్న ఏటిని చెత్తకుండీ చేశాం.

మా వైపు మురుగు కాలువ సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. కూనవరం మొగ, వాసాలతిప్ప మొగ, పంచనది, శంకరగుప్తం... అమలాపురంలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా చాలామంది ఈ మొగలు చూడలేదు. చూడాలి. కోనసీమ బతుకు అక్కడే తేలుతుంది. డ్రెయిన్ అడుగుకీ సముద్రానికీ ఎత్తులో తేడా బొత్తిగా తక్కువ. పోటు వచ్చినప్పుడు సముద్రం లోపలికి నెడుతుంది, పాటులో మాత్రం మురుగు బయటపడుతుంది. ఒడ్డు వెంబడి అలలు తోసుకొచ్చే ఇసుక మొగలో మేట వేస్తుంది. లోపలి నుంచి వచ్చే నీటికి ఆ మేటను కొట్టుకుపోయే జోరు ఉండాలి. ఆ జోరు లేకపోతే మొగ పూడుకుపోతుంది. అక్టోబరు, నవంబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురేస్తే, ఈనిక మీద ఉన్న వానాకాలపు సార్వా చేలు వారం పాటు నీళ్ళ కిందే.

ఇలా మునిగీ మునిగీ విసిగిన రైతులు 2011లో సార్వాకు సెలవు ప్రకటించారు. అన్నపూర్ణ అనిపించుకున్న సీమలో నాగలి ఆపేశారు. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చు పెరగడం వాళ్ళు చెప్పిన కారణాల్లో ముందున్నాయి. మురుగు పోకపోవడం కూడా ఉంది. 2022లోనూ కోనసీమలో పంట విరామం మాట మళ్ళీ వినిపించింది. వరి మీద ఆశ వదులుకున్నవాళ్ళలో కొందరు చేను తవ్వి రొయ్యల చెరువు చేశారు. వాళ్ళను తప్పుపట్టడం నాకు చేతకాదు. అప్పు తీర్చే దారి అదొక్కటే కనిపించింది వాళ్ళకు. కానీ చెరువు ఉప్పు పక్క చేలోకి ఊరుతుంది. చెరువు నీళ్ళు మళ్ళీ అదే డ్రెయిన్‌లో పడతాయి. చెరువు గట్టు డ్రెయిన్‌ని కొంచెం కొంచెంగా నొక్కుతుంది. పక్క చేను ఇంకొంచెం మునుగుతుంది, దాని మీద చవుడు తేలుతుంది, ఆ రైతూ చెరువు తవ్వే ఆలోచనలో పడతాడు. ఇందులో చెడ్డవాడు ఎవరో వేలు పెట్టి చూపించలేం. మొగ దగ్గర చిక్కుపడ్డ నీళ్ళు ఊరి లోపలి మనుషుల మధ్యన చిక్కులు వేస్తూ పోయాయి.

మొగను బాగా వెడల్పు చేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట కేశనపల్లి దగ్గర కొబ్బరి తోటలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. పోటు నీళ్ళు డ్రెయిన్ పట్టుకుని లోపలికి వచ్చి తోటల్లో నిలిచాయి. కొబ్బరి కాస్త ఉప్పుకి ఓర్చుకునే చెట్టే, వేళ్ళ దగ్గర ఉప్పునీళ్ళు నిలిచిపోతే మాత్రం ఓర్చుకోలేదు. ముందు కింది మట్టలు పండిపోయాయి, తర్వాత పిందె రాలింది, ఆఖరికి మొవ్వు ఎండి తల ఊడిపోయింది. ఎకరాల కొద్దీ మోడులు వరసగా నిలబడి ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఒక్క ఊపులో లక్షల కొబ్బరి చెట్లను పడగొట్టింది, వెయ్యికి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. ఆ రాత్రిని ఇప్పటికీ మన ఇళ్ళల్లో తలుచుకుంటారు. కేశనపల్లి తోటలు పోవడానికి ఏళ్ళు పట్టింది కాబట్టి దానికి తిథి లేదు.

మొగ మూస్తే ముంపు, తెరిస్తే ఉప్పు. ఈ రెండింటి మధ్య తూకం నిలిపేది లోపలి నుంచి బయటికి తోసే మంచినీళ్ళు. నేలపైన ఎలాగో నేల కిందా అంతే. మన నూతుల్లో మంచినీళ్ళు పాల మీద మీగడలా ఉప్పునీళ్ళ మీద తేలుతుంటాయి. ఉప్పునీళ్ళు కాస్త బరువు కదా. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీళ్ళు నిలిస్తే దాని కింద సుమారు నలభై అడుగుల లోతు దాకా మంచినీళ్ళు ఉంటాయని 1900 ప్రాంతంలో గైబెన్, హెర్జ్‌బెర్గ్ అనే ఇద్దరు విడివిడిగా లెక్క కట్టారు. తిరగేసి చూడండి. పైన ఒక్క అడుగు తగ్గితే కింద నలభై అడుగుల మంచినీళ్ళు పోతాయి. ఆ ఒక్క అడుగుని నిలబెడుతున్నది వాన, కాలువల ఊట, వరి చేలల్లో నిలిచే నీళ్ళు. చేను బీడుపడితే ఆ ఊట ఆగిపోతుంది. పైగా మోటార్లు పెట్టి తోడితే, ఒకనాడు తియ్యగా ఉన్న ఫిల్టరు పాయింటు ఉప్పన తిరుగుతుంది. సముద్రం దగ్గరి మండలాల్లో ఎండాకాలం తాగునీటికి ట్యాంకుల వైపు చూడడం అందుకే.

నేల కుంగడం గురించి మరో మాట. ఇటలీలో పో నది డెల్టాలో 1940, 50లలో నేల లోపలి ఉప్పునీళ్ళతో పాటు గ్యాసు తోడారు. నేల మీటర్ల లెక్కన కుంగింది. 1960లలో ప్రభుత్వం ఆ బావులు ఆపించాక కానీ కుంగడం నెమ్మదించలేదు. అక్కడి పొరలు వేరు, తోడిన లోతు వేరు, మన పాశర్లపూడి గ్యాసు బావులకు అది అచ్చంగా వర్తించకపోవచ్చు. అయితే గ్యాసు పైపులు వెళ్ళే ఊళ్ళలో ఏటేటా నేల ఎత్తు కొలిచి ఆ అంకె ఆ ఊరివాళ్ళకే చెప్పాలని అడగడం అత్యాశేమీ కాదు.

సముద్రం పాలైన నీళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఎర్రనీరు దిగగానే సముద్రంలోని విలస చేప మొగల దగ్గర ఆ తియ్యదనం పసిగట్టి ఏటికి ఎదురెక్కుతుంది. ఎక్కే కొద్దీ ఒంట్లో ఉప్పు తగ్గి పులస అవుతుంది. ధవళేశ్వరం దాకా వస్తుంది, అక్కడ గోడ. గంగలో ఫరక్కా బ్యారేజీ 1975లో వచ్చాక ఎగువన అలహాబాదు దాకా ఎక్కే ఇదే జాతి చేప అటువైపు దాదాపు కనుమరుగైంది. మనకు దిగువ పాయలన్నా మిగిలాయి. బోడసకుర్రు రేవులో పులస ధర వేలల్లో పలికిందని పత్రికలు ఏటా సంబరంగా రాస్తాయి. దొరక్కపోవడం వల్ల ధర పలుకుతోందని ఆ వార్త చదివేటప్పుడు నాకు గుచ్చుకుంటుంది.

దసరా దాటాక తూర్పుగాలి తిరిగితే యానాం, భైరవపాలెం దగ్గర చీరమేను వస్తుంది. చీర గుడ్డతో పట్టే సన్నటి చేప పిల్లలు. వాటి వెనక ఏ పెద్ద చేపల తరాలు ఉన్నాయో, అన్నీ పట్టేస్తే సముద్రంలో ఏం మిగులుతుందో ఆలోచించాలి కానీ, అవి అసలు అక్కడికి రావడం ఉప్పూ తీపీ కలిసిన ఆ నీళ్ళ వల్లే. కాట్రేనికోన అవతల బలుసుతిప్ప వైపు మడ అడవుల్లోకి పడవలో వెళ్తే, పాటు వేళ బురదలోంచి వేల కొద్దీ శ్వాస వేళ్ళు నిటారుగా లేచి కనిపిస్తాయి. తెల్లమడ ఆకు నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు తగులుతుంది. తాగిన ఉప్పుని ఆకుల మీదికి తోసేసి బతికే చెట్టు అది. అంతటి చెట్టుకి కూడా ఏడాదికోసారి మంచినీళ్ళు అందాలి, కొత్త ఒండ్రు వేళ్ళకు తగలాలి. అది బతికితే రొయ్య పిల్లకూ పీత పిల్లకూ ఇల్లు ఉంటుంది, తుపాను రోజున వెనక ఊరికి అడ్డు ఉంటుంది.

కాబట్టి ఆ లక్షల క్యూసెక్కుల్లో పనీపాటా లేని బొట్టు నాకు కనిపించదు. వరద నీళ్ళలో కొంత ఎగువవాళ్ళు పట్టుకోవడం నాకు సమ్మతమే. కరవు సీమకు నీళ్ళు ఇవ్వొద్దనే మనసు నాకు లేదు. నా గొడవ అంతా మిగతా నెలల గురించి. జనవరి వచ్చేసరికి బ్యారేజీ 175 గేట్లూ దించేస్తారు. రెండో పంట దాళ్వాకు సొంత నీళ్ళు చాలక సీలేరు జలాశయాల నుంచి తెచ్చుకుంటాం, వంతులు పెట్టుకుంటాం. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు. దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ ఇసుక తిన్నెల మధ్య మడుగులుగా మిగులుతాయి. పోటు ఎక్కినంత మేర ఉప్పు ఎక్కుతుంది. దానికి ఎదురు చెప్పే నీళ్ళు ఉండవు.

దాళ్వాకు ముందు ఏటా సాగునీటి సలహా మండలి కూర్చుంటుంది. ఎంత ఆయకట్టు, సీలేరు నుంచి ఎంత, తాగునీటికి ఎంత, కాలువలు ఎప్పుడు కట్టెయ్యాలి అన్నీ అక్కడే తేలుస్తారు. ఆ పద్దులో నదికంటూ ఒక వరస ఉండాలని మన రైతు ప్రతినిధులే అడగాలి, మత్స్యకారుల్ని కూడా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా గౌతమికి ఎంత, వశిష్ఠకి ఎంత వదలగలరో చెప్పమనాలి. అందుకు ముందు కొలతలు కావాలి. పోటు ఏ నెలలో ఏ ఊరి దాకా ఎక్కుతోంది, నూతి నీళ్ళలో ఉప్పు ఎంత పెరిగింది, డ్రెయిన్ అడుగు ఎంత పూడింది. ఇవి కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఊరి హైస్కూలు పిల్లలు, ఓ సైన్సు మాస్టారు, ఉప్పు కొలిచే చేతి మీటరు చాలు. నెలనెలా కొలిచి పంచాయతీ గోడ మీద రాయాలి. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఊళ్ళతో మొదలుపెట్టి తర్వాత కూనవరం, వాసాలతిప్ప వైపుకి రావొచ్చు.